నీళ్ళ ప్రవర

మేడంగారు పోయిన మూడో వారం, శనివారం పొద్దున్నే, పంతులుగారు ఏలూరులోని మా కాలేజీకి వచ్చారు. పంతులుగారంటే మేడంగారి భర్త. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు ఆయన చేతి మీదే జరిగాయి గానీ మా బయోఇన్ఫర్మాటిక్స్ ల్యాబులో ఆయనకి చేయించడానికి ఏముంటుంది? మెట్లెక్కి వచ్చి, ఫ్యాను కింద కూర్చుని, మంచినీళ్ళు తాగి, సంచిలోంచి పేపరు చుట్టిన పొట్లం ఒకటి తీసి నా బల్ల మీద పెట్టారు.

"నీకిమ్మని చెప్పిందమ్మా. దాచుకోమనలేదు, పూర్తి చెయ్యమంది" అన్నారు.

దేన్ని పూర్తి చెయ్యాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆవిడ ఫోనుకి ఇంకా రోజూ ఛార్జింగు పెడుతున్నాననీ, శిష్యులెవరో ఒకరు చేస్తూనే ఉన్నారనీ, సంగతి చెప్పగానే వాళ్ళు ఏడుస్తుంటే తనే ఓదార్చాల్సి వస్తోందనీ చెప్పి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

పొట్లం విప్పక్కర్లేకుండానే తెలిసింది. ఆ లావు, ఆ అట్ట అంచు నాకు తెలుసు. అది మా తప్పుల పుస్తకం. దాని సంగతి చెప్పేముందు ఆవిడ సంగతి చెప్పాలి.

ఆవిడకి పేరు లేక కాదు. నేను చదువుకున్న కాలేజీ బోర్డు మీద, డిగ్రీలతో సహా, రెండు వరసల పేరుండేది. కానీ మేమెవ్వరం ఆ పేరు ఎప్పుడూ పలకలేదు. మేడంగారు అంటే తాడేపల్లిగూడెంలో ఆవిడొక్కరే అన్నట్టు బతికాం. ఇప్పుడు కొత్తగా పేరు పెట్టి రాయాలంటే నాకు చెయ్యి రావడం లేదు.

జువాలజీ లెక్చరర్‌గా చేరి, నలభై అయిదు దాటాక కంప్యూటరు ముందు కూర్చున్నారు. కాలేజీకి బయోఇన్ఫర్మాటిక్స్ కోర్సు వచ్చింది గానీ, చెప్పేవాళ్ళు రాలేదు. జువాలజీ వాళ్ళేమో ఇది కంప్యూటర్ల వాళ్ళ పని అన్నారు, కంప్యూటర్ల వాళ్ళేమో ఇది కప్పల వాళ్ళ పని అన్నారు. ఎవరో ఒకరు చెప్పాలి కదండీ అని ఆవిడ మధ్యలో నిలబడ్డారు. ఆ సెలవుల్లో తన కొడుకు వయసు కుర్రాళ్ళ పక్కన కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే టైపు చేసేవారు. రిటైరయ్యేదాకా రెండో వేలు వాడలేదు.

చేపకో, రొయ్యకో, వాటికి జబ్బు తెచ్చే క్రిమికో ఒంట్లో నాలుగే నాలుగక్షరాలతో రాసి ఉండే రాత ఒకటుంటుంది. దాన్ని కంప్యూటర్లో చదివి, ఏది దేనికి చుట్టమో, ఏ జబ్బు ఎక్కణ్ణుంచి ఎక్కడికి వచ్చిందో తేల్చడం మా పని. మా అమ్మకి ఇది పదేళ్ళుగా చెప్తున్నాను. మా ఊరు నల్లజర్లలో ఎవరడిగినా ఆవిడ మాత్రం "మా అమ్మాయి కంప్యూటర్లో చేపలు పడుతుందండీ" అనే చెప్తుంది.

మేడంగారు ఎవర్నీ మీరు అనకుండా మాట్లాడేవారు కాదు. మమ్మల్ని మాత్రం అమ్మాయ్, నువ్వు అనేవారు. కంప్యూటర్ని కూడా మీరనే అనేవారు. ప్రోగ్రాము ఆగిపోయి తెర మీద ఎర్రక్షరాలు పడితే మేము తల పట్టుకునేవాళ్ళం. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఏవండీ, ఇప్పుడేం కావాలండీ మీకు?" అని ఎంతో మర్యాదగా అడిగేవారు. ఆ తర్వాత ఎర్రక్షరాల్ని మొదటినుంచీ చివరిదాకా ఓపిగ్గా చదివేవారు. సాధారణంగా దానికి కావలసింది ఒక కామానో, ఒక ఖాళీయో అయ్యుండేది. "పాపం, అడిగింది ఇంతే. మీరేమో చదవకుండానే తిట్టారు" అనేవారు మావైపు తిరిగి.

ఇల్లు ఏలూరులో, ఉద్యోగం గూడెంలో. రోజూ ప్యాసింజరు బండిలో రాకపోకలు. ఒళ్ళో టిఫిను సంచీ, కాళ్ళ దగ్గర ఐసుపెట్టె. చేపల ఎగుమతి వాళ్ళు పారేసిన థర్మకోల్ పెట్టె అది. అందులో చెరువుల నీళ్ళ సీసాలుండేవి. భీమడోలు దాటేలోపు పక్కవాళ్ళెవరో ఒకరు చేపలాండీ అని అడక్కుండా ఉండేవారు కాదు. చేపల జాతకాలండీ అనేవారు ఆవిడ. ఆ మాట విని నిజంగానే చెయ్యి చాపినవాళ్ళు కూడా ఉన్నారు. చెయ్యి పట్టుకుని చూసి, మీకు నీటిగండం ఉంది, సీసాల పెట్టె మీద కాళ్ళు పెట్టకండి అని చెప్పారట ఒకాయనకి.

ఆవిడ చేప ముట్టరు. కానీ వాసన చూసి చెరువు చెప్పేవారు. సీసా మూత తీసి, కళ్ళు మూసుకుని, ఇది మేత ఎక్కువైన చెరువు, ఇది నిన్ననే నీళ్ళు పెట్టిన చెరువు, ఇందులో నాచు చచ్చింది అని చెప్తుంటే, తరతరాలుగా చేపల కూర తింటున్న మేము తెల్లమొహాలు వేసుకుని చూసేవాళ్ళం. తినని దాని రుచి నన్నడక్కండి, వాసన అడగండి అనేవారు.

కోర్సులో చేరిన మొదటిరోజు మాకు కంప్యూటరు చూపించలేదు. అందర్నీ బస్సెక్కించి కొల్లేటికి తీసుకెళ్ళి దోనెలో కూర్చోబెట్టారు. అప్పుడు సర్కారువాళ్ళు చెరువుల గట్లు కొట్టేస్తారని ఊళ్ళన్నీ అట్టుడుకుతున్నాయి. చేతిలో పుస్తకాలూ సీసాలూ పట్టుకుని దోనెలో వస్తున్న మమ్మల్ని చూసి, సర్వేవాళ్ళనుకుని ఒక గట్టు మీదివాళ్ళు కర్రలు తీశారు. మేడంగారు దోనెలోనే లేచి నిలబడి, దోనె ఊగుతుంటే నా భుజం పట్టుకుని, మేం కొలతలవాళ్ళం కాదండీ, నీళ్ళవాళ్ళమండీ అని కేకేశారు. అర్థం కాకపోయినా అంత మర్యాదగా అరిచిన మనిషిని ఏమనాలో తెలియక వాళ్ళు కర్రలు దించారు. కాసేపటికి అదే గట్టు మీద కూర్చుని వాళ్ళిచ్చిన కొబ్బరినీళ్ళు తాగాం.

ఆ రోజే ప్రవర నేర్పారు.

పెళ్ళిపీటల మీద వంశం, గోత్రం, ముత్తాతల పేర్లు వరసగా చెప్పి చివర పెళ్ళికొడుకు పేరు చెప్పించడం పంతులుగారి వృత్తిలో భాగం. దాన్ని మేడంగారు ల్యాబులోకి పట్టుకొచ్చారు. మనుషుల గోత్రాలతో నాకు పనిలేదు, నీళ్ళ గోత్రం చెప్పండి అనేవారు. ఏ సీసా మూతైనా తీసేముందు, ఏ ఫైలునైనా కంప్యూటర్లో తెరిచేముందు లేచి నిలబడి చెప్పాలి: ఊరు ఏది, చెరువు ఎవరిది, నీళ్ళు ఏ కాలవవి, ఆ రోజు వాసన ఎలా ఉంది, చివరికి, తెచ్చింది ఎవరు. ఆ చివర మన పేరు గట్టిగా చెప్పాలి. గొణిగితే మళ్ళీ మొదటినుంచి. పేరు దగ్గరే గొంతు తగ్గుతుందేమిటమ్మాయ్, తప్పు చేసినట్టు, అనేవారు. మాలో చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, గుడికి వెళ్ళేవాళ్ళున్నారు, ఎక్కడికీ వెళ్ళనివాళ్ళున్నారు. ప్రవర మాత్రం అందరికీ నోటికొచ్చేసింది.

వేరే ఊళ్ళలో ఈ చదువు చదివినవాళ్ళు ఇది విని నవ్వేవారు. మాకూ కొంచెం సిగ్గుగానే ఉండేది, ముఖ్యంగా పట్టికలో ఆ వాసన గడి. పెద్ద పెద్ద యంత్రాలు అక్షరాలక్షరాలుగా చదివి పంపిన సమాచారం పక్కన 'కొంచెం చద్దన్నం వాసన' అని రాయడం ఏం బాగుంటుంది?

ఇక తప్పుల పుస్తకం. శనివారం పొద్దున్న పని మొదలుపెట్టేముందు ఆ వారం ఎవరు ఏ తప్పు చేస్తే వాళ్ళు అందులో రాయాలి. సొంత చేత్తో. ఒకరి తప్పు ఇంకొకరు రాయకూడదు, చెప్పకూడదు, సైగ కూడా చెయ్యకూడదు. మొదటి పేజీ ఆవిడదే. కోర్సు పెట్టిన కొత్తలో, కొల్లేటి నీళ్ళలో లోకానికి తెలియని బాక్టీరియా ఒకటి కనిపెట్టానని ఆవిడ మూడువారాలు భూమి మీద నడవలేదట. ప్రిన్సిపాలుగారు శాలువా కూడా కొన్నారు. తీరా చూస్తే అది పెరుగులో ఉండే బాక్టీరియా. మధ్యాహ్నం పెరుగన్నం తిని, చేతులు సరిగ్గా కడుక్కోకుండా సీసా మూత తీశారు. 'నేను కనిపెట్టినది మా ఇంటి పెరుగు' అని గుండ్రటి అక్షరాలతో రాసి కింద సంతకం పెట్టారు. శాలువా ఏమైందని అడిగితే, ప్రిన్సిపాలుగారు ఇంకెవరికో కప్పారని చెప్పారు.

ఆ పేజీ చదివాక మాకు రాయడం కష్టమనిపించేది కాదు. ఒకడు ఒకే ఫైలు మూడుసార్లు తెరిచి, ముగ్గురు మనుషులవనుకుని ముగ్గురూ కవలలని తేల్చాడు. ఇంకొకమ్మాయి రొయ్యల ఫైలని కోళ్ళ ఫైలు తెరిచి, రొయ్యకి ఈకల జన్యువులున్నాయని రెండు రోజులు కంగారుపడింది. శనివారాలు నవ్వుతూ గడిచిపోయేవి. ఒక్క శనివారం తప్ప.

ఆ ఏడు ఒక లంక గ్రామంలో రొయ్యల చెరువులకి తెగులు పట్టింది. ఒకదాని తర్వాత ఒకటి వరసగా పడిపోతున్నాయి. ఏ చెరువులో మొదలైందో తేల్చిపెట్టమని ఆ ఊరి సొసైటీ వాళ్ళు మేడంగారిని అడిగారు. నిజానికి వాళ్ళకి అప్పటికే ఒక అనుమానం ఉంది. సువార్తమ్మగారని ఒకావిడ, భర్త పోయాక చెరువు కౌలుకి తీసుకుని ఒక్కతే సాగు చేస్తోంది. ఆవిడకి రొయ్యపిల్లని ఎంచడం తెలియక రోగం పిల్ల తెచ్చి వేసిందనీ, ఊరందరికీ అంటించిందనీ చెప్పుకుంటున్నారు. కాలవ నీళ్ళు ఎవరికి వదలాలో నిర్ణయించేది సొసైటీ. మా రిపోర్టులో ఆవిడ పేరు వస్తే తూము మూసేస్తారు. వచ్చే పంటకి ఆవిడకి కౌలూ ఉండదు, ఊళ్ళో మాటా ఉండదు.

నేనప్పుడు చివరి ఏడాది ప్రాజెక్టులో ఉన్నాను. ఫలితాల పట్టిక తయారుచేసింది నేనే. ఒక నిలువు వరసలో చెరువుల పేర్లు, పక్క వరసలో ఏ వారం తెగులు కనబడిందో ఆ వివరం. పేర్లు చిందరవందరగా ఉన్నాయని నా కంటికి నచ్చలేదు. పేర్ల వరస ఒక్కదాన్నే పట్టుకుని అక్షరక్రమంలో సర్దేశాను. పేర్లు కదిలాయి, ఫలితాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. పెళ్ళిపందిరి బయట చెప్పులు మారిపోయినట్టు ఒకరి జబ్బు పోయి ఇంకొకరి పేరు పక్కన కూర్చుంది. మా వృత్తిలో ఈ తప్పు చెయ్యనివాళ్ళు తక్కువ, ఒప్పుకునేవాళ్ళు ఇంకా తక్కువ. పట్టికలో వాసన గడి ఉండుంటే నాకే అనుమానం వచ్చేది. కానీ పేపరు మీద రాసుకున్నవన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తూ, ఈ వాసనల గోలేమిటని ఆ ఒక్క గడీ ఎగ్గొట్టాను.

సొసైటీ ప్రెసిడెంటుగారు రోజుకి మూడుసార్లు ఫోను చేస్తున్నారు. మేడంగారు నా ప్రవర వినకుండానే రిపోర్టు పంపేశారు. నాకు తెలిసి ఆవిడ అలా పంపిన రిపోర్టు అదొక్కటే. గురువారం పంపారు. అందులో మొదట తెగులు పడ్డ చెరువు సువార్తమ్మగారిది. శుక్రవారం సొసైటీవాళ్ళు ఆవిడ తూము మూసేశారు.

శనివారం పొద్దున్న, పుస్తకం తియ్యబోతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "ఆ మొదటి చెరువు ప్రవర వినలేదమ్మాయ్. చెప్పు" అన్నారు. నేను లేచి గడగడా మొదలుపెట్టాను. ఊరు చెప్పాను. చెరువు సువార్తమ్మగారిది అన్నాను. నీళ్ళు పెద్దకాలవవి అన్నాను. వాసన అన్నాను. ఆ గట్టు మీద నేనే వంగి సీసా ముంచాను, నాకు బాగా గుర్తుంది. కొత్త నీళ్ళ వాసన. వానకి తడిసిన మట్టి తప్ప ఇంకే వాసనా లేదు. కుళ్ళు వాసన వచ్చింది వేరే చెరువులో. నా నోరు ఆగిపోయింది.

ఆవిడ నా మొహం ఒకసారి చూసి, పాత ఫైలు తెరిచి, కొత్త ఫైలు తెరిచి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. గదిలో నలుగురం ఉన్నాం. నలుగురి దగ్గరా ఆ ఫైలుంది. ఎవరు చేశారని ఆవిడ అడగలేదు. పుస్తకం తియ్యలేదు. రేపు నాతో లంకకి వస్తావా అని మాత్రం నన్నడిగారు.

ఆదివారం చర్చి వదిలేవేళకి సొసైటీ అరుగు దగ్గరికి జనం చేరారు. సువార్తమ్మగారు ఓ పక్కగా, తెల్లచీర కొంగు తల మీదికి లాక్కుని నిలబడ్డారు. నేను ఐసుపెట్టె పట్టుకుని మేడంగారి వెనక నిలబడ్డాను. అందులో ఏమీ లేదు. చేతులు ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో తెలియదని తెచ్చుకున్నాను. మేడంగారు అరుగెక్కి, దోనెలో కేకేసిన గొంతుతోనే సంగతంతా చెప్పారు. పేర్లు తారుమారయ్యాయని, సరిగ్గా పేర్చి చూస్తే మొదట పడ్డవి ఒకే కాలవ నీళ్ళు పెట్టుకున్న మూడు చెరువులని, ఆ మూడూ ఒకేసారి పడ్డాయని, సువార్తమ్మగారి చెరువు అన్నిటికన్నా చివరిదని.

ఎవరో పొరపాటు ఎవరిదండీ అని అడిగారు.

"నాదండీ" అన్నారు మేడంగారు. "చూడకుండా పంపింది నేనండీ." అని, ఆ ఊరి పేరు, చెరువు, కాలవ, వాసన వరసగా చెప్పి, చివర తన పేరు చెప్పారు. గొంతు ఎక్కడా తగ్గలేదు. మొదటిసారి ఆవిడ పేరు నేను పూర్తిగా విన్నది అక్కడే.

ఇంత చదువుకుని ఇదేం పనండీ అని గొణిగినవాళ్ళు గొణిగారు. మధ్యాహ్నంలోపు తూము తెరిచారు. సువార్తమ్మగారు మేడంగారికి మజ్జిగ తెచ్చిచ్చారు. నేను పెట్టె ఆటోలో పెట్టాలన్న వంకతో అక్కణ్ణుంచి తప్పుకున్నాను. నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు. ప్రాజెక్టు పోతుందేమోనని భయపడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మేడంగారు బీరకాయ తొక్కు పచ్చడి ఎలా చెయ్యాలో చెప్పారు. పై శనివారం పుస్తకం నా దగ్గరికొచ్చింది. 'కరెంటు పోయేముందు ఫైలు సేవ్ చెయ్యలేదు' అని రాశాను. ఆవిడ చదివి, మంచిది అన్నారు. ఆ మంచిది నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

మొదట భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత అలవాటు. పదకొండేళ్ళయింది. నేను ఏలూరులో అదే పాఠం చెప్తున్నాను. నా క్లాసు పిల్లల చేత ప్రవర చెప్పిస్తాను, వాసన గడి ఎగ్గొట్టినవాళ్ళకి మార్కులు తగ్గిస్తాను. మొదటిరోజు దోనె ఎక్కిస్తాను. ఆ లంకకి మాత్రం తీసుకెళ్ళను. దారి బాగాలేదని చెప్తాను. దారి శుభ్రంగా ఉంది, తారు రోడ్డు కూడా పడింది.

పంతులుగారు వెళ్ళాక పొట్లం విప్పాను. పెరుగు, కవలలు, ఈకల రొయ్య, అన్నీ వరసగా ఉన్నాయి. నా కరెంటు పేజీకి ముందు ఒక పేజీ ఉంది. అప్పట్లో అది ఖాళీ పేజీ, తర్వాత ఎప్పుడు రాశారో మేము చూడలేదు. ఊరు, సువార్తమ్మగారి చెరువు, పెద్దకాలవ, కొత్త నీళ్ళ వాసన. 'చూడకుండా పంపింది' అని రాసి పక్కన ఆవిడ సంతకం పెట్టారు. దాని కింద 'సర్దింది' అని రాసి, పక్కన ఖాళీ వదిలారు.

పూర్తి చెయ్యమంది ఇది. పెన్ను తీశాను, మూత పెట్టేశాను. ఇది ముందు పుస్తకంలో రాసేది కాదనిపించింది. పిల్లలకి క్లాసు లేదని చెప్పి కైకలూరు బస్సెక్కాను.

సువార్తమ్మగారు గట్టు మీదే ఉన్నారు. ఇప్పుడు రొయ్యలు మానేసి శీలావతి, బొచ్చె చేపలు వేశారట. వారం కిందటే మళ్ళీ నీళ్ళు పెట్టారు. జుట్టు నెరిసింది గానీ నన్ను చూడగానే గుర్తుపట్టి, మేడంగారి అమ్మాయా అన్నారు. మేడంగారు పోయిన సంగతి ఆవిడకి తెలుసు. మేత బస్తా మీద కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. దారంతా నాలుగు రకాలుగా మాటలు కూర్చుకుని వెళ్ళాను గానీ అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆ రోజు పేర్లు తారుమారు చేసింది మేడంగారు కాదండీ. నేనండీ" అన్నాను.

"ఆయ్, తెలుసమ్మా" అన్నారు ఆవిడ.

ఆవిడ చేతికంటిన తవుడు దులుపుకున్నారు.

"మీరు పెట్టె పట్టుకుని ఆటో దగ్గరికెళ్ళారు కదమ్మా, అప్పుడే చెప్పారు మేడంగారు. సగం తప్పు నాదేనండీ, అది అబద్ధం కాదు, మిగతా సగం మా అమ్మాయిది, తనే వచ్చి చెప్తుంది, అప్పటిదాకా మీరు ఎరగనట్టే ఉండండి అన్నారు. నేనూ అలాగేనండీ అన్నాను. ఆ తర్వాత ఎప్పుడు ఫోను చేసినా, పెట్టేసేముందు అదొక్కటీ అడిగేవారమ్మా. మా అమ్మాయి వచ్చిందాండీ, అని. ఇంకా లేదండీ అనేదాన్ని. వస్తుందిలెండి అనేవారు. ఆసుపత్రిలోంచి కూడా అదే అడిగారు."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. పదకొండేళ్ళు మేడంగారు నన్నొక్క మాట అనలేదు. నా పెళ్ళికొచ్చి పీటల పక్కన కూర్చుని అక్షింతలు వేశారు, నా ఉద్యోగానికి సిఫారసు రాశారు, నేను మొదటిసారి పాఠం చెప్తుంటే వెనక బెంచీలో కూర్చుని విన్నారు. ఇంటికెళ్ళి లంకకి ఫోను చేసి, వచ్చిందాండీ అని అడిగారు.

సువార్తమ్మగారు నన్ను ఓదార్చలేదు. పదకొండేళ్ళు పట్టేంత దూరమామ్మా ఏలూరు నుంచి, బస్సు గంటకొకటి ఉంది కదా అన్నారు. ఏడుస్తూనే నాకు నవ్వొచ్చింది. ఆవిడ బొడ్డులోంచి ఫోను తీసి, ఒక నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నారు. తెర మీద మేడంగారు అనే ఉంది.

"పంతులుగారండీ, నేను లంక నుంచి సువార్తమ్మనండీ. మీ అమ్మాయి వచ్చిందండీ" అన్నారు.

అటునుంచి ఆయన ఏమన్నారో నాకు వినబడలేదు. ఆవిడ కాసేపు విని ఫోను నా చేతికిచ్చారు. ప్రవర చెప్పమంటున్నారమ్మా అన్నారు.

గట్టు మీద నిలబడి మొదలుపెట్టాను. ఊరు చెప్పాను. చెరువు సువార్తమ్మగారిదన్నాను. నీళ్ళు పెద్దకాలవవన్నాను. వాసన దగ్గరికొచ్చి ఆగాను. అటునుంచి పంతులుగారు ఊఁ అన్నారు, పీటల మీద తడబడే పెళ్ళికొడుకుని కదిలించినట్టు. వంగి రెండో చేత్తో పుడిసెడు నీళ్ళు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. కొత్త నీళ్ళ వాసనండీ అన్నాను. పేర్లు సర్దింది నేనండీ అన్నాను. చివర నా పేరు చెప్పాను.